నలభై అక్షరాల బేరం

రెండు వందల దగ్గర మొదలైన బేరాన్ని నలభైకి దించినవాణ్ణి నేను. అటువైపు కూర్చున్నది ఆషామాషీ మనిషి కాదు. కంపైలర్ పనిలో మా కంపెనీ మొత్తానికి పెద్ద దిక్కయిన మేడం. ఆమె చేతిలో చాయ్ సగం కూడా కాకముందే నూట అరవై కొట్టిపారేశాను. ఇప్పటికీ తలుచుకుంటే మీసం మీదికి చెయ్యి పోతుంది. నా ఉద్యోగమంతటిలో అంత చక్కగా ఆడిన బేరం ఇంకొకటి లేదు. అంత చెడ్డ నిర్ణయం కూడా ఇంకొకటి లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను కనుక, ముందు సరుకేమిటో విప్పి చూపిస్తాను. ధర సంగతి చివర్న.

మాది శంషాబాద్ బజారు. నాయినది కిరాణా దుకాణం, పక్కనే చిన్నాయినది బట్టల దుకాణం. ఊరికి విమానాలు రాకముందు మా గిరాకి అంతా బస్సు దిగినవాళ్లూ, చుట్టుపక్కల ఊళ్ల రైతులూ. నాయిన ఒక సూత్రం చెప్పేవాడు: "అడిగినదానికంటె ఎక్కువ చూపియ్యకు బిడ్డా, గిరాకి పరేషాన్ అయితడు." నిజమే. నాలుగు రకాల బియ్యం చూపిస్తే ఒకటి కట్టమనేవాళ్లు. పద్నాలుగు చూపిస్తే "మళ్లొస్త" అని పోయేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు కాదు. చదువుకుని, దుకాణం తమ్ముడికి వదిలేసి కంప్యూటర్ల ముందు కూర్చున్నాక కూడా నేను ఆ సూత్రాన్ని సంకలో పెట్టుకునే తిరిగాను.

మా కంపెనీ విమానాశ్రయం పక్కనున్న సరుకుల షెడ్లలో యంత్రాలను నడిపించేది. సరుకు పేర్చిన చెక్క చట్రాలను, అంటే ప్యాలెట్లను, జరిపే రోలర్లు, తూకం వేసే కాటాలు, పై అరలకు ఎత్తే లిఫ్టులు. ఏ యంత్రం ఎప్పుడేం చెయ్యాలో చెప్పడానికి మాకొక సొంత భాష ఉండేది. షెడ్డులో పనిచేసే టెక్నీషియన్లే అందులో రాసుకునేవాళ్లు. వాళ్లు రాసింది చదివి, యంత్రానికి తెలిసేలా మార్చేది కంపైలర్. ఎక్కడైనా తప్పు కనబడితే అక్కడే ఆపి, ఫలానా చోట ఫలానా తప్పు అని చెప్పేది కూడా అదే.

అది తప్పు పట్టే పద్ధతి మాలాంటి దుకాణందార్లకు ఇట్టే అర్థమవుతుంది. ప్రతి బస్తాకూ ఒక చీటీ కడతాం కదా, ఇది కందిపప్పు, ఇది పెసరపప్పు అని. కంపైలర్ ప్రతి అంకెకూ అలా చీటీ కడుతుంది. ఇది బరువు, ఇది పొడవు, ఇది అర నంబరు. బరువు అడిగిన చోట పొడవు పోస్తే, "కావలసింది ఇది, ఇచ్చింది అది" అని అడ్డం పడుతుంది. ఆ చీటీని మేం టైపు అంటాం. చిక్కల్లా చీటీ మీది పేరుతోనే. ఏ విభాగం, ఏ షెడ్డు, ఏ కాటా, ఏ ప్యాలెట్, ఏ వరుస అని ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోతే ఒక్కో పేరు గూడ్సు బండంత అయ్యేది. టెక్నీషియన్ల చేతిలో ఉండే పరికరం తెర అరచేయంత. ఒక్క తప్పు చూపించడానికి తెర మూడుసార్లు నిండేది. చేతికి తొడుగులేసుకుని దాన్ని పైకీ కిందికీ జరపలేక వాళ్లు మమ్మల్ని తిట్టేవాళ్లు.

అందుకని ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో మేడమూ నేనూ కూర్చున్నాం. ఆమెది కృష్ణా జిల్లా. మాట ఇస్త్రీ చేసిన చీరలా ఉండేది, ఎక్కడా మడత నలిగేది కాదు.

"రెండు వందల అక్షరాల వరకూ చూపిద్దామండీ. అంతకు మించితే కత్తిరిద్దాం," అన్నది.

"రెండు వందలా మేడం? పెండ్లి కార్డు కూడ అంత ఉండది. ముప్పై చాలు."

"ముప్పైలో ఏం తెలుస్తుందండీ?"

"తెలిసేటోనికి తెలుస్తది."

"పోనీ నూట యాభై చేద్దాం."

"ముప్పై ఐదు. ఇగ మీరు అడిగిండ్రని పెంచుతున్న."

ఆమెకు నవ్వొచ్చింది. అవతలివాళ్లు నవ్వారంటే సగం బేరం తెగినట్టే. వంద అన్నది, ఎనభై అన్నది. నేను కుర్చీలోంచి సగం లేచాను. లేవడమన్నది మా బజారులో ఆఖరి అస్త్రం. ఆ అస్త్రానికి తిరుగులేదు.

"సరే, నలభై. కూర్చోండి," అన్నది మేడం. "కానీ ఆ సంఖ్య మీదేనని కోడ్‌లో రాసి పెట్టండి. రేపు ఎవరైనా అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి."

రాసి పెట్టాను. ఆ కోడ్ వరుస పక్కనే "నలభై చాలు" అని, కింద నా పొడి అక్షరాలు. దుకాణం మీద బోర్డు రాయించుకున్నంత సంబరపడ్డాను.

ఎన్ని అక్షరాలన్న దాని మీద అంత హోరాహోరీగా ఆడినవాణ్ణి, ఎక్కడ కొయ్యాలన్నది ఆలోచించనే లేదు. చిన్నాయిన బట్ట తాను విప్పి, మొదటినుంచి కొలిచి, కావలసినంత ఉంచి, మిగతాది కోసేసేవాడు. నేనూ అలాగే మొదటి నలభై ఉంచి, మిగిలిన పేరంతా కోసి మూడు చుక్కలు పెట్టాను.

ఏడాది పాటు నా పేరు మోగిపోయింది. తెర ఒక్కసారికే చదవొచ్చు, జరపక్కర్లేదు అని షెడ్డువాళ్లు మెచ్చుకున్నారు. మేడం కూడా "మీ నలభై బాగానే ఉందండీ" అన్నది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఇప్పుడు మా షెడ్డు టెక్నీషియన్ గురించి చెప్పాలి. ఆమె కొత్వాల్‌గూడ నుంచి స్కూటీ మీద వచ్చేది. ఐటీఐ చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. ఆదివారం పొద్దున చర్చికి పోవాలె, ఆ ఒక్క షిఫ్టు మార్చండి అని తప్ప ఎవర్నీ ఏదీ అడిగేది కాదు. లిఫ్టు చప్పుడు విని ఎక్కడ ఏ నట్టు వదులైందో చెప్పేది. నన్ను అన్నా అనేది గానీ ఆ పిలుపులో మర్యాద పావు వంతు, వెక్కిరింపు ముప్పావు.

అన్నీ ఉన్నా ఆమె కాంట్రాక్టు మనిషే. పదకొండు నెలలకోసారి రాజేంద్రనగర్‌లోని కాంట్రాక్టర్ ఆఫీసు ఆమె కార్డు తీసుకునేది. వారం రోజులు పనిలో లేనట్టు రాసుకుని, మళ్లీ కొత్తగా చేరినట్టు కార్డిచ్చేది. ఆరేళ్లు అలా చేరుతూనే ఉంది. ఆ ఏడాది పర్మనెంటు చెయ్యాల్సినవాళ్ల జాబితా తయారవుతున్నది. అందులో మొదటి పేరు ఆమెది. ఆ సంగతి ఆమెకు తెలుసు, మా అందరికీ తెలుసు.

అప్పుడే ఒక విదేశీ విమానాలవాళ్లు తమ సరుకు కోసం సొంత కాటా తెచ్చి మా షెడ్డులో పెట్టారు. మా కాటాలన్నీ కిలోల్లో చెబుతాయి, వాళ్లది పౌన్లలో, అంటే అరకిలోకి కాస్త తక్కువ లెక్కలో, చెబుతుంది. దాని చీటీలన్నీ పద్ధతిగానే ఉన్నాయి, పేరు చివర పౌను అని స్పష్టంగా రాసుంది. ఆ కాటాను మా లిఫ్టుకు కలిపే పని ఆమెకిచ్చారు. ఆమె రాసింది. కంపైలర్ ఆపింది. ఆపడం న్యాయమే, అది చెప్పిన తీరులోనే మతలబంతా ఉంది.

మే నెల. మధ్యాహ్నం భోజనం వేళ నేను బజారులో ఊరగాయ మామిడికాయలు బేరం చేస్తున్నాను. ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను, ఎందుకంటే రెండు చేతుల్లో రెండు కాయలున్నాయి.

"అన్నా, మీ కంపైలర్‌కు ఎండదెబ్బ తాకిందా ఏంది?"

"ఏమైంది?"

"ఏం కావాలంటదో అదే ఇచ్చిన. అదే ఇచ్చినవని అదే చెప్తది. మళ్ల తప్పంటది. రెండు లైన్లు పక్కపక్కకు పెట్టి సూసిన, ఒక్క అక్షరం తేడా లేదు."

ఇవతల కాయలమ్మే ఆమె, వంద మీద అయిదు కాయలు కొసరు వెయ్యనంటే వెయ్యనంటున్నది. నా బుద్ధంతా ఆ అయిదు మీద ఉంది.

"గట్ల ఒక్కోసారి అంటది. జబర్దస్తీ పెట్టి దాటెయ్," అన్నాను.

జబర్దస్తీ అంటే, కోడ్ వరుస చివర పెట్టే ఒక గుర్తు. అది పెడితే కంపైలర్ ఇంక అడ్డం చెప్పదు, రాసినవాళ్లకే అన్నీ తెలుసనుకుని దారి వదులుతుంది. దానికి అసలు పేరు వేరే ఉంది గానీ షెడ్డంతా జబర్దస్తీ అనే అనేవాళ్లు.

"పెట్టమంటవా? తర్వాత నన్ను అనొద్దు మల్ల."

"నేను చెప్తున్న గద. పెట్టు."

ఆమె పెట్టింది. నాకు అయిదు కాయలూ కొసరు పడ్డాయి.

మూడో రోజు పొద్దున పది గంటలకు ఆ కాటా మీద తూగిన మొదటి బరువైన ప్యాలెట్ లిఫ్టెక్కింది. మందుల పెట్టెలు, చల్లటి గదిలోంచి తీసినవి. కాటా పౌన్లలో చెప్పిన అంకెను లిఫ్టు కిలోలనుకుంది. సగం ఎత్తుకు పోయాక తన మీద ఉన్న బరువుకూ తనకు చెప్పిన బరువుకూ ఎక్కడా పొంతన కుదరలేదు. అలాంటప్పుడు లిఫ్టు ఉన్నచోటనే బిగుసుకుపోవాలి, అది దాని ధర్మం. బిగుసుకుపోయింది. మనుషులకేమీ కాలేదు. కానీ రేకుల కప్పు కింద, మే నెల ఎండలో, చల్లగా ఉండాల్సిన మందులు గాలిలో వేలాడాయి. దించేసరికి రెండు దాటింది. ఆ ప్యాలెట్ విమానం ఎక్కలేదు, వచ్చినచోటికే తిరిగిపోయింది.

ఆ సాయంత్రానికే మేడం కారణం పట్టుకుంది. లిఫ్టు ప్రోగ్రాములో ఒక వరుస, దాని చివర జబర్దస్తీ గుర్తు, పక్కన రాసినవాళ్ల పేరు. మా మేనేజరు, అందరం పెద్దసారు అనేవాళ్లం, టెక్నీషియన్‌ను పిలిచి సంజాయిషీ రాయమన్నాడు. ఆమె రాసిచ్చింది: తప్పు ఏమిటో తెరమీద అర్థం కాలేదు, జబర్దస్తీ పెట్టాను, పెట్టకుండా ఉండాల్సింది. అంతే. అందులో నా ఫోన్ సంగతి లేదు.

నాకు ఆ కాగితం గురించి అదే రోజు తెలిసింది. నేను నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదని మీరడుగుతారు. దుకాణంలో పెరిగినవాడికి ఒక పాడు అలవాటుంటుంది. గిరాకి చూడని చిరుగును తనంతట తాను చూపించడు. చూస్తే అప్పుడు తగ్గిద్దాంలే అనుకుంటాడు. అడిగితే చెబుతాను అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే నాకు అచ్చొచ్చినట్టు కూర్చున్నాను.

మర్నాడు మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. ఆమె రాసిన వరుసనే, జబర్దస్తీ తీసేసి, అదే పరికరంలో మళ్లీ పెట్టి చూశాను. అసలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది, మీ కోసం తెలుగులో రాస్తున్నాను. తెర మీద వచ్చిందిది:

కావలసింది: ఎగుమతి.షెడ్డు.కాటా.ప్యాలెట్.బరువు.వరుస...
ఇచ్చింది: ఎగుమతి.షెడ్డు.కాటా.ప్యాలెట్.బరువు.వరుస...

ఒక్క అక్షరం తేడా లేదు. ఆమె ఫోన్‌లో సరిగ్గా ఆ మాటే అన్నది. కిలో అన్నది ఒక పేరు చివర, పౌను అన్నది ఇంకో పేరు చివర. రెండింటినీ నా కత్తెర తినేసింది. కంపైలర్ నిజం కనిపెట్టింది, ఆ నిజాన్ని నేను గుమ్మంలోనే ఆపేశాను. పైగా ఆమె నన్నే అడిగితే దాటెయ్ అన్నాను.

ఆ రోజు కూడా చెప్పలేదు. ఇంకొంచెం గట్టిగా రుజువు చూసుకుని చెబుదామనుకున్నాను. చూశారా, నాతో నేనే బేరమాడుకుంటున్నాను.

మూడో రోజు పొద్దున క్యాంటీన్‌లో ఆమె ఒక్కతే కూర్చుని ఉప్మా కెలుకుతున్నది. ఎదురుగా కూర్చున్నాను.

"కాయితంల నా పేరెందుకు రాయలేదు?" అన్నాను.

"రాస్తే నువ్వు కాదంటే? ఫోన్ల మాటకు సాక్షి ఎవరు, నీ మామిడికాయలామెనా?"

"నేను కాదనేటోన్నా?"

"నాకేం తెలుసన్నా? రెండు రోజులు సూసిన. నువ్వు అవుననలే, కాదనలే."

"ఇయ్యాల చెప్తున్న. అంత చెప్తున్న."

"చెప్పు." ఆమె ప్లేటు పక్కకు జరిపింది. "లిస్టు నిన్న సాయంత్రమే పై ఆఫీసుకు పోయింది. నా పేరు కొట్టేసి పంపిండ్రు. ఇప్పుడు పదింటి మీటింగు లిస్టు గురించి గాదు. నన్ను ఉంచాలా, తీసెయ్యాలా అని."

ఆమె పేరు కొట్టేసిన సంగతి నాకు అప్పుడే తెలియడం.

మీటింగు షెడ్డు పైనున్న గదిలో. అద్దాల కిటికీలోంచి ఆ లిఫ్టే కనిపిస్తుంది. పెద్దసారు, మేడం, ఆమె, నేను. పెద్దసారు చెడ్డవాడు కాదు. పైనుంచి ఒత్తిడి పడితే కిందికి దించేసే మనిషి, అంతే.

"చూడండి," అన్నాడాయన, "మందులవాళ్లకు ఒక పేరు కావాలి. ఎవరు చేశారు, వాళ్ల మీద మేమేం చేశాం అన్నది రాసివ్వాలి. ఇక్కడ పేరు ఎదురుగానే ఉంది, సంతకం కూడా ఉంది."

"పేరు నేనిస్త సార్," అన్నాను. "ముందు ఇది చదవండి." పరికరం ఆయన ముందు పెట్టాను.

కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పరికరం దూరంగా పట్టుకుని ఇంకోసారి చదివాడు. "రెండూ ఒక్కటే కదయ్యా. తప్పేముంది ఇందులో?"

"ఆమె కూడ గదే అడిగింది సార్. నన్నే అడిగింది, ఫోన్ చేసి. నేను మామిడికాయలు కొంటున్న. వినీ విననట్టు విని, జబర్దస్తీ పెట్టు అన్న. పెట్టనా అని రెండోసారి అడిగింది. పెట్టు అన్న. ఆ పేర్లను నలభై అక్షరాలకు కోసింది కూడ నేనే. ఇప్పుడు మీకు కనబడంది ఆమెకూ కనబడలేదు."

పెద్దసారు ఆమె వైపు చూశాడు. ఆమె బల్ల వైపు చూస్తున్నది. మేడం తన లాప్‌టాప్ తెరిచి, నా పొడి అక్షరాలున్న వరుస ఆయనకు చూపించింది. నన్ను ఇరికించడానికే అనుకున్నాను. కాదు.

"ఇది ఆయనొక్కడి తప్పు కాదండీ," అన్నది. "కంపైలర్ బాధ్యత నాది. వద్దనాల్సింది నేను. నవ్వుకుని ఒప్పుకున్నాను."

పెద్దసారు కళ్లజోడు తీసి నన్నడిగాడు, "మరి ఈ రెండు రోజులూ మీరెక్కడున్నారు?"

"ఇక్కడనే ఉన్న సార్. దాక్కొని ఉన్న."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఫైలు ముందుకు లాక్కున్నాడు. చివరికి తేల్చాడు: ఆమెను తీసెయ్యరు. నా మీద హెచ్చరిక కాగితం వస్తుంది. నేను జరిగిందంతా రాసివ్వాలి, దాన్ని ఆమె సంజాయిషీకి జతచేస్తారు. ఆమె కాగితం వెనక్కి తీసుకోవడం కుదరదు, అది అప్పటికే పై ఆఫీసుకు పోయింది. ఇక జాబితా? "పోయిన లిస్టులో పేరు కలపమని అడిగితే పై ఆఫీసు వంద ప్రశ్నలేస్తుంది. వచ్చే లిస్టులో చూద్దాం."

నేను ముందుకు వంగాను. "సార్, ఒక్క ఫోన్ కొడితే..."

"అన్నా, నువ్వాగు," అన్నది ఆమె. "నువ్వు బేరమాడితే ఏమైతదో సూసినం గద."

మేడం మొహం పక్కకు తిప్పుకుంది. పెద్దసారు కూడా నవ్వాపుకున్నాడు. నేను వెనక్కి జారబడ్డాను.

"సార్, చూద్దాం గీద్దాం వద్దు," అన్నది ఆమె. "వచ్చే లిస్టుల నా పేరు మొదలు ఉంటదని కాయితం మీద రాసియ్యుండ్రి. ఇంకోటి. ఈ తప్పులు చూపిచ్చే మాటలు రాసేది వీళ్లు, చదివేది మేము. ఇగ నుంచి మేము చదివి, సమజైంది అన్నంకనే షెడ్డుల పెట్టాలె."

పెద్దసారు ఒకటి ఒప్పుకుని ఇంకొకటి తగ్గించాలని చూశాడు. ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు, కొత్త మాట కూడా ఏదీ అనలేదు. అడిగిన రెండింటినీ అవే మాటల్లో ఇంకోసారి చెప్పి ఊరుకుంది. పావుగంటలో రెండూ కాగితం మీదికొచ్చాయి. నేను ఇన్నేళ్లుగా బేరమని దేన్ని అనుకున్నానో, అది ఎక్కువ భాగం హడావుడేనని అప్పుడు అనుమానం వచ్చింది.

ఆ వారమే మరమ్మతు మొదలుపెట్టాం. మేడం ముందుగా అనుకున్నది పేరు మొత్తం చూపించేద్దామని. పాత తెరనిండా పేర్లు మళ్లీ వచ్చాయి. టెక్నీషియన్ అది చదివి పరికరం బల్ల మీద పెట్టింది.

"తేడా ఉంది మేడం. కానీ గంత పొడుగు పేర్ల ఏడుందో దేవులాడుకోవాలె. కవలపిల్లలను చూపిచ్చి ఎవరు ఎవరో చెప్పుమంటే ముక్కు గిట్లుంది, చెవులు గిట్లున్నయి అని మొత్తం చదువుతరా? పుట్టుమచ్చ ఏడుందో చెప్తరు."

మేడం పెన్ను తీసింది.

అక్కడినుంచి పని తీరు మారిపోయింది. అప్పటిదాకా మేం ఒక్కో పేరునూ దేనికదే తీసుకుని, ఎంత పొడుగు, ఎక్కడ కొయ్యాలి అని చూశాం. ఇప్పుడు రెండు పేర్లనూ పక్కపక్కన పరిచి చూడడం మొదలుపెట్టాం. రెండింట్లోనూ ఒకేలా ఉన్నది చుక్కలైపోతుంది. తేడా ఉన్నది ఎంత పొడుగైనా సరే, కొయ్యకుండా ఉంటుంది. తేడా కొన్ని పేర్లలో చివర వస్తుంది, కొన్నింట్లో నడుమ, కొన్నింట్లో ఒకదాని కడుపులో ఇంకొకటి దాక్కుని ఉంటుంది. వాటిని జతచేసి చూసే కష్టమైన పనంతా మేడమే చేసింది, నేను పక్కన కూర్చుని తలూపాను.

మొదటి రూపం తయారైంది. తెర మీద "కావలసింది: ...కిలో", "ఇచ్చింది: ...పౌను" అని వచ్చింది. ఇంతకంటే పొదుపు లేదని నేను మురిసిపోయాను. నా పాత బుద్ధి.

"పాస్ కాదు," అన్నది ఆమె. "దేని కిలో? చక్కెరదా?"

తేడాకు ముందున్న రెండు ముక్కలు కూడా ఉంచాం:

కావలసింది: ...బరువు.వరుస.కిలో
ఇచ్చింది: ...బరువు.వరుస.పౌను

చదివింది. తోటి టెక్నీషియన్లకు కూడా చదివించింది. "ఇగ సమజైంది" అన్నది. మేడం చివరగా ఇంకో కాపలా పెట్టింది. ఎంత జాగ్రత్తపడ్డా చుక్కలు పెట్టాక రెండు పేర్లూ ఒకేలా కనబడితే, కంపైలర్ ఇంక దేన్నీ దాచకూడదు. ఎంత పొడుగైనా సరే, రెండు పేర్లూ పూర్తిగా తెర మీద పరచాలి. మీరు నా అనుభవంలోంచి ఒక్కటే తీసుకుంటారంటే ఈ నియమం తీసుకోండి, ఉచితం. తప్పు చూపించేటప్పుడు ఎంత చూపించాలన్నది రెండో ప్రశ్న. చూసేవాడికి తేడా తెలిసిందా అన్నది మొదటిది.

పద్ధతి గట్టిది. మిగతా షెడ్లవాళ్లు కూడా అడిగి పెట్టించుకున్నారు. మే నెల సంగతి లాంటిది నేనున్నంత కాలం మళ్లీ జరగలేదు.

ఇక బిల్లు వేద్దాం. కాటా మీద వేలు పెట్టకుండా వేస్తాను.

నాకొచ్చిన హెచ్చరిక కాగితం ఏడాది తిరిగేసరికి ఫైలు అడుగున పడిపోయింది. దానివల్ల నాకు పోయింది లేదు. రిటైరైన రోజున పెద్దసారు శాలువా కప్పి, తప్పులు చూపించే పద్ధతి మార్చిన మనిషి అని నా గురించి పొగిడాడు. ఆ ఆలోచన టెక్నీషియన్‌ది, పనితనం మేడంది అని మైకులో చెప్పాను. చెప్పాను గానీ, శాలువా కప్పించుకున్నాకే చెప్పాను. మేడం మీద ఏ కాగితమూ రాలేదు. కాకపోతే ఆ తర్వాత నా బేరాలకు ఆమె నవ్వడం మానేసింది, ప్రతి సంఖ్యకూ కారణం అడిగేది.

టెక్నీషియన్‌కు ఇచ్చిన మాట పెద్దసారు నిలబెట్టుకున్నాడు. తర్వాతి జాబితాలో ఆమె పేరే మొదటిది, ఆమె పర్మనెంటు అయింది. ఇప్పుడు ఆ షెడ్డులో కంపైలర్ పలికే ప్రతి మాటా ఆమె సమజైంది అన్నాకే పలుకుతుంది. కానీ ఆ జాబితా వచ్చేలోపు పదకొండు నెలలు గడిచాయి. ఆ నడుమ కాంట్రాక్టర్ ఇంకోసారి ఆమె కార్డు తీసుకున్నాడు. రాజేంద్రనగర్‌లో ఇంకోసారి వరుసలో నిలబడి, ఏడో ఏట కూడా కొత్తగా చేరినట్టు సంతకం పెట్టింది. కార్డు లేని ఆ వారంలోనే చిన్నపిల్లాడికి జ్వరమొచ్చింది. కంపెనీ కార్డు మీద చూసే దవాఖానకు పోలేక, చేతి డబ్బులతో ఇంకోచోటికి తీసుకుపోయింది. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, ఆమెతో పనిచేసేవాళ్లు చెప్పారు.

లిఫ్టు ఆగిన సాయంత్రమే నేను నోరు విప్పి ఉంటే, జాబితా ఆమె పేరుతోనే పైకి పోయేది. అప్పటికింకా అది పెద్దసారు బల్ల మీదే ఉంది, నేను అడిగి తెలుసుకున్నాను. నేను దాక్కుని ఉన్నవి రెండు రోజులు. వాటికి బదులు ఆమె పదకొండు నెలలు కట్టింది. ఇందులో ఏమైనా తగ్గించమని అడగడానికి నాకు నోరు రాదు.